తెర ఎంత పెద్దదో తెలియని ప్రయోగం

మనస్తత్వశాస్త్ర ప్రయోగశాలలో అందరికీ ఒకటే కంప్యూటర్ తెర. గడ్డం ఆనించుకునే స్టాండు ఒకటే కాబట్టి కంటికీ తెరకీ మధ్య దూరం కూడా మారదు. అదే ప్రయోగాన్ని ఆన్‌లైన్‌లో పెట్టగానే ఈ రెండు హామీలూ పోతాయి. ఒకరు 13 అంగుళాల ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుంటారు, ఇంకొకరు 27 అంగుళాల మానిటర్‌కు దూరంగా జారగిలబడి కూర్చుంటారు. వాక్యం చదివి అవునో కాదో చెప్పమనే ప్రయోగానికి దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఫ్లాంకర్ పరీక్ష సంగతి అలా కాదు. 1974లో బార్బరా ఎరిక్సెన్, చార్లెస్ ఎరిక్సెన్ ప్రచురించిన ఈ పరీక్షలో మధ్య అక్షరం ఏదో చెప్పాలి, పక్కవాటిని పట్టించుకోకూడదు. పక్క అక్షరాలు దగ్గరయ్యేకొద్దీ ఆటంకం పెరుగుతుంది. ఆ దగ్గరతనాన్ని సెంటీమీటర్లలో కాదు, కంటి దగ్గర ఏర్పడే కోణంలో కొలవాలి. అంటే తెర మారితే ప్రయోగమే మారిపోతుంది.

కోణం తెలియాలంటే తెర కొలతా, కూర్చున్న దూరమూ తెలియాలి. మొదటిదానికి ఏటీఎం కార్డు చాలు. ప్రపంచమంతటా దాని వెడల్పు 85.6 మిల్లీమీటర్లే. తెర మీద ఒక పెట్టె చూపించి, అసలు కార్డును దానికి ఆనించి, రెండూ సమానమయ్యేదాకా పెట్టెను లాగమంటారు. పెట్టె 324 పిక్సెళ్ల దగ్గర ఆగితే, మిల్లీమీటరుకు దాదాపు 3.78 పిక్సెళ్లు. రెండోదానికి కంటిలో చూపు ఆనని చోటైన అంధబిందువు సాయపడుతుంది. కుడికన్ను మూసి, ఎడమకంటితో ఒక నల్లచదరాన్నే చూస్తూ ఉండమంటారు. దాని పక్క నుంచి ఒక ఎర్రచుక్క ఎడమకు జరుగుతూ పోతుంది. చుక్క మాయమైన క్షణాన మీట నొక్కాలి. అంధబిందువు చూపు మధ్య నుంచి సుమారు 13.5 డిగ్రీల పక్కన ఉంటుంది. చుక్క 120 మిల్లీమీటర్ల దూరంలో మాయమైతే, దాన్ని 0.24తో (13.5 డిగ్రీల టాంజెంట్ విలువ) భాగించండి. మనిషి 50 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క. ఒక్కసారి చేయిస్తే నమ్మలేం, ఐదుసార్ల సగటు తీసుకోవాలి. బ్రౌజర్‌లో ప్రయోగాలు నడిపే జేఎస్‌సైక్ సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండు పనులూ చేసే ప్లగిన్ సిద్ధంగానే ఉంది. ఆ తర్వాత తల కదిలితే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

ఇక పిక్సెల్. బ్రౌజర్ చెప్పే పిక్సెల్, తెర మీది అసలు చుక్క ఒకటి కావు. 1920×1080 తెరను 150 శాతం స్కేలింగ్‌లో (అన్నిటినీ పెద్దవి చేసి చూపే అమరికలో) వాడుతుంటే బ్రౌజర్ దృష్టిలో అది 1280×720 మాత్రమే. ట్యాబ్‌లు, అడ్రస్ పట్టీ, టాస్క్‌బార్ పోగా ఎత్తు 600కు అటూఇటూగా మిగులుతుంది. తన పెద్ద మానిటర్ మీద 900 పిక్సెళ్ల ఎత్తున అందంగా అమర్చుకున్నవారి సమాధానపు బటన్లు, పాల్గొనేవారికి తెర అడుగున ఎక్కడో దాక్కుంటాయి. అంతకన్నా 800×600 ఊహాచట్రం ఒకటి గీసుకుని, బ్రౌజర్ కిటికీ వెడల్పును 800తో, ఎత్తును 600తో భాగించి, వచ్చిన రెండింటిలో చిన్నదానితో మొత్తాన్ని పెంచడమో తగ్గించడమో మేలు. పక్కన ఖాళీ మిగిలితే మిగలనివ్వండి. ప్రయోగాలు తయారుచేసే సైకోపై సాఫ్ట్‌వేర్‌లో అయితే ‘హైట్’ కొలమానం ఎంచుకోవాలి. ‘నార్మ్’ ఎంచుకుంటే వెడల్పు తెర మీద చదరం సాగి దీర్ఘచతురస్రం అవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా కొంప ముంచేది కనపడని జరుగుడు. చూపు నిలపడానికి తెర నడుమ కూడిక గుర్తు అర సెకను కనిపించి, అదే చోట బొమ్మ రావాలి. బొమ్మ కింద 40 పిక్సెళ్ల ఎత్తున ఒక సూచన వాక్యం చేర్చితే, బ్రౌజర్ ఆ రెండింటినీ కలిపి నడుమకు తెస్తుంది. బొమ్మ 20 పిక్సెళ్లు పైకి పోతుంది. మామూలు దూరంలో అది అర డిగ్రీ. సూచన కొన్ని ట్రయల్స్‌లోనే (ఒక్కో ప్రశ్న-జవాబు వంతు ఒక ట్రయల్) ఉంటే, ఆ రకం ట్రయల్స్‌లో బొమ్మ కన్ను నిలిపిన చోటే రాదు. ఆ తేడా ఫలితాల్లో మానసిక ప్రభావంలాగా దర్శనమిస్తుంది! బొమ్మను నడుమ స్థిరంగా బిగించి, సూచనకు వేరే చోటు ముందే కేటాయించాలి. దాన్ని దాచేటప్పుడు పేజీ అమరిక కోడ్ (సీఎస్ఎస్)లో ‘డిస్‌ప్లే నన్’ వాడితే చోటు కూడా పోతుంది, ‘విజిబిలిటీ హిడెన్’ వాడితే చోటు నిలుస్తుంది.

మౌస్‌తో జవాబిచ్చే ప్రయోగాల్లో పాల్ ఫిట్స్ 1954లో చూపించిన నియమం గుర్తుంచుకోవాలి: లక్ష్యం దూరమైనా చిన్నదైనా చేయి చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది. అందుకే ప్రతి ట్రయల్‌నూ రెండు జవాబులకూ సమాన దూరంలో ఉన్న ‘మొదలు’ బటన్‌తో ప్రారంభించాలి. ‘తర్వాత’ బటన్‌ను జవాబు బటన్ ఉన్న చోటే పెట్టకండి. రెండుసార్లు నొక్కే అలవాటున్నవారు తర్వాతి తెరను చూడకుండానే దాటేస్తారు. కీబోర్డుకు ఇంకో తిప్పలుంది. పేజీ కిటికీకన్నా కాస్త పొడవున్నా స్పేస్ నొక్కగానే కిందికి జారుతుంది. ఆ సహజ చర్యను కోడ్‌లో ఆపేయాలి.

ప్రశ్నావళిలో ఏడు ఎంపికలను అడ్డంగా పేరిస్తే ఫోన్‌లో ఐదు పైన, రెండు కింద పడతాయి. ఆ రెండూ వేరే జాతివన్నట్టు కనిపిస్తాయి. పెద్ద తెరల వారికి కూడా నిలువుగానే ఇవ్వడం నయం. స్లైడర్ గుండీని మొదటి నొక్కు పడేదాకా చూపించకూడదు. నడుమ పెట్టి ఉంచితే, ముట్టుకోకుండా వదిలేసినవారినీ నిజంగా మధ్యస్థంగా ఉన్నవారినీ విడదీయలేం. తెలుగులో పదాలు చూపేటప్పుడు ఫాంట్‌ను ప్రయోగంతో పాటే పంపి, అది పూర్తిగా దిగాకే మొదలుపెట్టాలి. వరుసల మధ్య ఎడం చాలకపోతే కింది వరుస గుడులు పై వరుస ఒత్తులను తాకుతాయి.

ప్రతి ట్రయల్‌తో పాటు కిటికీ కొలత, పిక్సెల్ నిష్పత్తి (బ్రౌజర్ పిక్సెల్‌కు ఎన్ని అసలు చుక్కలో), ఫుల్‌స్క్రీన్ ఉందా లేదా అన్నవి నమోదు చేయించండి. మధ్యలో ఎవరైనా ఎస్కేప్ నొక్కి కిటికీని కుదిస్తే, ప్రయోగాన్ని ఆపి ఫుల్‌స్క్రీన్‌కు తిరిగి రమ్మని అడగాలి. అప్పుడు నడుస్తున్న ట్రయల్‌ను మాత్రమే పక్కన పెడితే సరిపోతుంది, ఆ మనిషి డేటా మొత్తాన్నీ కాదు.