ఆపరేషన్ అయ్యాక అప్పగింత

"ఆపరేషన్ బాగా జరిగింది" అని డాక్టరుగారు ఒక్క మాట అంటే చాలు, థియేటర్ బయట కూర్చున్నవాళ్ళ టెన్షన్ సగం దిగిపోతుంది. పేషెంటుకు మాత్రం గండం ఇంకా దాటలేదు. మత్తు పూర్తిగా వదలదు, ఊపిరి మందగించవచ్చు, లోపల రక్తం కారవచ్చు. లోపల ఏం జరిగిందో తెలిసినవాళ్ళు సరిగ్గా ఆ సమయంలోనే పేషెంటును వేరేవాళ్ళకు అప్పగించి వెళ్తారు.

ఇది కొత్తగా తెలిసిన సంగతేం కాదు. థియేటర్ పక్కనే కోలుకునే గది ఉండే పద్ధతి గురించి ఫ్లోరెన్స్ నైటింగేల్ 1863లోనే రాసింది. అమెరికాలో రికవరీ గదులు విరివిగా వచ్చింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, అదీ నర్సులు చాలక అందరినీ ఒకేచోట చూసుకోవాల్సి వచ్చి. ఆపరేషన్ అయిన 24 గంటల్లోపు మరణాల్లో దాదాపు సగం ఆపగలిగినవేనని 1947లో ఫిలడెల్ఫియా అధ్యయనం తేల్చింది. మత్తు ఎంత దిగిందో పదికి ఇన్ని మార్కులని లెక్కగట్టే ఆల్డ్రెటీ స్కోరు 1970లో వచ్చింది. అప్పగించేటప్పుడు ఏం చెప్పాలన్నది మాత్రం చాలాకాలం ఎవరికి తోచినట్టు వాళ్ళదే.

లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి డాక్టర్లు ఈ అప్పగించే విద్య నేర్చుకోవడానికి, రేసు మధ్యలో సెకన్లలో టైర్లు మార్చే ఫెరారీ కార్ల రేసు బృందం దగ్గరికి వెళ్ళారు! ముందు మెషిన్లు తగిలించడం, ఆ పని అయ్యాక అందరూ ఆగి వినడం అని వరస పెట్టుకున్నారు. చెప్పకుండా వదిలేసే సంగతులు దాదాపు సగానికి తగ్గాయని 2007లో ప్రచురించారు. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్లకని ఇచ్చిన చెక్‌లిస్టులో మూడో భాగం కూడా ఇదే చెబుతుంది: పేషెంటు థియేటర్ వదలకముందే సర్జన్, మత్తు డాక్టరు, నర్సు తర్వాతి జాగ్రత్తలను పైకి చెప్పుకోవాలి.

మన దగ్గరికి ఆ చెక్‌లిస్టు కాగితం తొందరగానే వచ్చింది. ఉదయగిరి నుంచి నెల్లూరుకో, కనిగిరి నుంచి ఒంగోలుకో ఆపరేషన్‌కు వచ్చినవాళ్ళను అడిగితే మిగతాది చెబుతారు. కేస్ షీట్ పేషెంటు కాళ్ళ దగ్గర, సెలైన్ సీసా బావమరిది చేతిలో. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మారే వేళ అయితే ఒక సిస్టర్ సంచి సర్దుకుంటూ ఉంటుంది, ఇంకొకామె అప్పుడే రిజిస్టరు తెరుస్తుంది. "ఏం ఆపరేషనమ్మా?" అన్న ప్రశ్న బంధువులకే పడుతుంది. నొప్పి ఇంజెక్షన్ థియేటర్‌లోనే ఇచ్చిన సంగతి రాయకపోతే వార్డులో మళ్ళీ పడొచ్చు. "నీళ్ళు ఎప్పుడు తాగించొచ్చు నాయనా?" అని తల్లి అడిగితే వార్డ్‌బాయ్ "సాయంత్రం దాకా వద్దు పెద్దమ్మా" అంటాడు. అదే ఆర్డరైపోతుంది.

సిస్టర్ల మీదికి నెట్టేయడం తేలిక. వార్డంతా ఒక్క మనిషి మీద ఉన్నప్పుడు ఆమె ఎవరి మాటని నిలబడి వింటుంది? పైగా, "ఒక్క నిమిషం సార్, రక్తం ఎంత పోయిందో చెప్పలేదు" అని పెద్ద డాక్టరును ఆపి అడిగే చనువు మన ఆసుపత్రుల్లో నర్సుకు ఇప్పటికీ దొరకలేదు. చెక్‌లిస్టులో టిక్కు మాత్రం పడిపోతోంది.