అప్పీలు ఖర్చు కంపెనీ ఇస్తుందా? అపోహలు - వాస్తవాలు

"ఫీజు కంపెనీ అకౌంట్ నుంచి పంపిస్తాం సార్, మీరు అప్పీలు వేసేయండి." బండ్లగూడ ఎన్‌సీఎల్‌టీలో (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్) కంపెనీపై దివాలా పిటిషన్ అడ్మిట్ అయిన, అంటే ట్రిబ్యునల్ దాన్ని స్వీకరించిన, మర్నాడు డైరెక్టర్లు నాకు ఫోన్ చేసి అనే మాట ఇది. నేను చూసినంతలో అప్పీళ్లను ముంచింది ఎక్కువగా ఈ అపోహే.

అడ్మిషన్ ఆర్డర్ రాగానే బోర్డు అధికారాలు ఆగిపోతాయి. దివాలా చట్టం (ఐబీసీ) సెక్షన్ 17 ప్రకారం బ్యాంకు ఇక ఐఆర్‌పీ (కంపెనీని చూసుకోవడానికి ట్రిబ్యునల్ నియమించే తాత్కాలిక నిపుణుడు) మాటే వింటుంది. పాత డైరెక్టర్లు కంపెనీ తరఫున అప్పీలు వేయలేరని 2017లో ఇన్నోవెంటివ్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అలాగని దారి మూసుకుపోలేదు. సస్పెండ్ అయిన డైరెక్టర్‌గా మీ సొంత పేరుతో, అదే చట్టం సెక్షన్ 61 కింద, అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ చెన్నై బెంచ్‌కు వెళ్లొచ్చు. అప్పీలు మీది, ఖర్చూ మీదే. ఐఆర్‌పీని బతిమాలి రోజులు పోగొట్టుకోకండి. ఆయన చేతిలోని ప్రతి రూపాయికీ అప్పిచ్చినవాళ్లకు లెక్క చెప్పాలి.

గడువు 30 రోజులు. తగిన కారణం చూపితే మరో 15. ఆ తర్వాత ఆలస్యాన్ని మన్నించే అధికారం ఎన్‌సీఎల్‌ఏటీకే లేదు.

జీడిమెట్లలో చిన్న యూనిట్ నడిపిన ఒక పెద్దాయన 47వ రోజున నా దగ్గరికి వచ్చారు. ఫీజు కోసం బ్యాంకు చుట్టూ రెండు వారాలు, ఐఆర్‌పీ చుట్టూ మరో రెండు వారాలు తిరిగారట. బ్యాగులో ఇంట్లోవాళ్ల నగలు కుదవపెట్టి తెచ్చిన డబ్బుంది. ఆర్డర్ సర్టిఫైడ్ కాపీకి (ట్రిబ్యునల్ ధ్రువీకరించి ఇచ్చే నకలు) అప్లై చేశారా అని అడిగితే, "ఆర్డర్ వెబ్‌సైట్‌లో లేటుగా పెట్టారు కదా, టైమ్ అప్పట్నుంచే అన్నారు సార్" అన్నారు. ఎవరన్నారో ఆయనకే గుర్తులేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

టైమ్ ఆర్డర్ చెప్పిన రోజు నుంచే నడుస్తుందని సుప్రీంకోర్టు 2021లో వి. నాగరాజన్ కేసులో చెప్పింది. కాపీకి గడువులోపు అప్లై చేస్తే, అది తయారవడానికి పట్టిన రోజులు మినహాయిస్తారు. అప్లై చేయకపోతే మినహాయింపు లేదు.

మిగతావి క్లుప్తంగా. అప్పీలు వేసినంత మాత్రాన దివాలా ప్రక్రియ ఆగదు, స్టే విడిగా అడగాలి. మారటోరియం (అప్పు వసూలు చర్యలపై నిలుపుదల) కంపెనీకే, మీరిచ్చిన పర్సనల్ గ్యారంటీకి కాదు. మామూలు సివిల్ అప్పీల్లో కోర్టు ఫీజు కట్టలేని స్థితిని కంపెనీ కూడా నిరూపించుకోవచ్చు. కానీ నష్టాల్లో ఉన్నామని చెబితే చాలదు, ఆస్తుల వివరాలన్నీ కోర్టు ముందు పెట్టాలి.

టెన్షన్‌లో ఉన్న మనిషికి సెక్షన్లు తలకెక్కవని నాకు తెలుసు. అందుకే ఫోన్ చేసినవాళ్లకు ముందు ఒకటే చెబుతాను: ఈరోజే సర్టిఫైడ్ కాపీకి అప్లై చేయండి, ఫీజు సంగతి రేపు మాట్లాడుకుందాం.