గేమ్ చేతులు మారితే టోన్ మారుతుందా? ఒక యానిమేటర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో గంటకు ఇరవై రూపాయలిచ్చి నెట్ సెంటర్లో గేమ్స్ ఆడినవాణ్ని నేను. అక్కడి కంప్యూటర్లలో ప్రిన్స్ ఆఫ్ పర్షియా అంటే వారియర్ విథిన్ ఒక్కటే ఉండేది. మసిబారిన కోట, వెంటపడి తరిమే దహాకా అనే భూతం, పళ్లు కొరుకుతూ తిట్టే ప్రిన్స్. నాకు ఆ సిరీస్ అంటే అదే. ఇంటర్లో ఉండగా ఒక స్నేహితుడు శాండ్స్ ఆఫ్ టైమ్ సీడీ తెచ్చిచ్చాడు. ఆడి ఒళ్లు మండింది. ఈ మెత్తటి కుర్రాడెవడు, రాకుమారితో ఈ సరసాలేంటి, మన ప్రిన్స్‌ని పాడు చేశారు కదరా అన్నాను. వాడు నవ్వి, "ఇదే ముందొచ్చింది బాబూ" అన్నాడు.

ఇప్పుడు హైదరాబాదులో గేమ్ యానిమేటర్‌గా పన్నెండేళ్లు దాటాయి. ఎక్కువగా బయటి దేశాల స్టూడియోలకు చేసిపెట్టే పనే. టోన్ అంటే నా లెక్కలో, ఆడుతున్నంతసేపూ గేమ్ మనతో మాట్లాడే తీరు. ఒక సిరీస్ ఒక స్టూడియో నుంచి ఇంకోదాని చేతికి వెళ్లినప్పుడు ఆ టోన్ ఏమవుతుందన్నదాని గురించి జట్టులో కొత్తగా చేరిన పిల్లల దగ్గర్నుంచి మా బావమరిది దాకా అందరూ అనే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి చూద్దాం.

అపోహ: స్టూడియో మారింది కాబట్టే టోన్ మారింది

నేను తిట్టుకున్న ఆ రెండు గేమ్‌లూ ఒకే చోట తయారయ్యాయి. 2003లో శాండ్స్ ఆఫ్ టైమ్, 2004లో వారియర్ విథిన్, రెండూ యుబిసాఫ్ట్ మాంట్రియల్‌వే. మధ్యలో ఉన్నది ఒక్క ఏడాది.

శాండ్స్ మొత్తం ప్రిన్స్ ఫరాకు చెబుతున్న కథ. (ఫరా మన దేశపు మహారాజు కూతురు. ప్రిన్స్ తండ్రి సైన్యం ఆ మహారాజు కోట మీద పడటంతోనే గేమ్ మొదలవుతుంది.) మనం దూకడం తప్పి గోతిలో పడి చచ్చామనుకోండి, కథ చెబుతున్న ప్రిన్స్ నాలిక కరుచుకుని, అబ్బే అలా జరగలేదు, మళ్లీ చెబుతానుండు అన్నట్టు సర్దుకుంటాడు. ఆటగాడి చావు కథకుడి తడబాటు అయిపోయింది! ఈ ఒక్క ఏర్పాటుతో గేమ్ మొత్తానికి రాత్రిపూట పక్కమీద చెప్పే కథ తీరు వచ్చేసింది.

వారియర్ విథిన్‌లో ఆ కథకుడు లేడు. ప్రిన్స్ గొంతు మారింది: యూరీ లోవెన్‌తాల్ స్థానంలో రాబిన్ ఆట్కిన్ డౌన్స్ వచ్చాడు. గాడ్‌స్మాక్ బృందం మెటల్ పాటలు చేరాయి. అమెరికాలో ఎం రేటింగ్ పడింది, అంటే 17 ఏళ్లు నిండినవాళ్లకే. 1989 నాటి మొదటి గేమ్‌ను దాదాపు ఒంటిచేత్తో చేసి, శాండ్స్‌కు కథ కూడా రాసిన జోర్డాన్ మెక్నర్ ఇందులో లేడు. ఆ హింస, ఆ చూపించిన తీరు తనకు రుచించలేదని తర్వాత బాహాటంగానే చెప్పాడు.

ఎందుకిలా జరిగింది? శాండ్స్‌ని మెచ్చుకున్నవాళ్లు కూడా, పోరాటాలు మాత్రం విసుగు పుట్టిస్తున్నాయన్నారు. దాంతో రెండో గేమ్‌లో పోరాటాన్నే ముందుకు తెచ్చారు. రెండు చేతులా ఆయుధాలు, శత్రువు కత్తి లాక్కోవడం, మెడ పట్టుకుని విసిరేయడం, రెండు ముక్కలుగా నరకడం. యానిమేటర్‌గా నాకు ఇక్కడే అసలు విషయం కనిపిస్తుంది. ఇన్ని రకాలుగా నరికే వ్యవస్థ కట్టాక, నరికేవాడు సిగ్గరి కుర్రాడైతే అతకదు. చేతులు చేసే పనికి మొహం సరిపోవాలి, మొహానికి గొంతు సరిపోవాలి, గొంతుకు సంగీతం. ఆ వరసలో టోన్ మొత్తం కొట్టుకుపోతుంది. "ఇక నుంచి చీకటిగా చేద్దాం" అని ఎవరో ఒకరు సంతకం పెట్టక్కర్లేదు.

2005లో వచ్చిన ది టూ థ్రోన్స్ నాకు భలే ముచ్చటగా ఉంటుంది. పాత గొంతు తిరిగొచ్చింది, ఫరా తిరిగొచ్చింది, ప్రిన్స్ లోపల మాత్రం ఒక డార్క్ ప్రిన్స్ కూర్చుని ప్రతిదానికీ వెటకారం చేస్తుంటాడు. అభిమానులు రెండు వర్గాలుగా చీలి పోట్లాడుకున్న గొడవని ఒకే బుర్రలో పెట్టి ఆడించినట్టు అనిపిస్తుంది నాకు.

అపోహ: అసలు సృష్టికర్త ఉంటే టోన్ చెక్కు చెదరదు

నింటెండో వాళ్ల మెట్రాయిడ్ సిరీస్ చూడండి. 2002లో మెట్రాయిడ్ ప్రైమ్ చేసింది అమెరికాలో, ఆస్టిన్ నగరంలోని రెట్రో స్టూడియోస్. వాళ్లకది మొదటి మెట్రాయిడ్. పైగా పక్కనుంచి చూసే గేమ్‌ను హీరోయిన్ సేమస్ కళ్లలోంచి చూసేలా మార్చేశారు. ఇంతకంటే పెద్ద మార్పు ఏముంటుంది? అయినా పాత గేమ్‌లలోని ఒంటరితనం ఎక్కడికీ పోలేదు. పక్కన వెలుగు భగ్గుమన్నప్పుడు హెల్మెట్ అద్దంలో సేమస్ మొహం ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది. మాట లేదు, పలుకు లేదు. చచ్చిపోయిన ఒక జాతి గోడల మీద రాసిపెట్టుకున్నది ఒక్కత్తే నిలబడి చదువుకుంటూ పోతుంది.

2010లో అదే సిరీస్‌లో అదర్ ఎం వచ్చింది. అందులో సేమస్ ఆగకుండా తన మనసులో మాటలు చెప్పుకుంటుంది. చేతిలో ఉన్న ఆయుధం వాడటానికి కూడా కమాండర్ ఆడమ్ అనుమతి కోసం చూస్తుంది. ఒళ్లు కాలిపోయే వేడిలో నడుస్తూ కూడా! జనం ఆ గేమ్‌లో పాలు పంచుకున్న టీమ్ నింజా అనే బయటి స్టూడియో మీద విరుచుకుపడ్డారు. కానీ కథ రాసింది యోషియో సకమోతో. 1986 నాటి మొదటి గేమ్‌కు పనిచేసినవాడు, 1994 సూపర్ మెట్రాయిడ్‌కు దర్శకుడు. అంటే ఇంటి పెద్దే ఇల్లు తిరగరాశాడు. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని జాగ్రత్తగా చూసుకున్నారు.

సృష్టికర్తకు తన సృష్టి మీద విసుగొస్తుంది. అభిమానికి రాదు. కొత్త స్టూడియోల్లో చేరేవాళ్లు చాలామంది అభిమానులే.

అపోహ: బెథెస్డా కంపెనీ వచ్చి ఫాల్‌అవుట్ సిరీస్‌ని మార్చేసింది, పాతవాళ్లకు ఇవ్వగానే మళ్లీ దారిలో పడింది

ఇది మా ఆఫీసు క్యాంటీన్లో నెలకోసారైనా వచ్చే వాదన, కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

1997లో ఇంటర్‌ప్లే నుంచి వచ్చిన మొదటి ఫాల్‌అవుట్ చివర్లో, తన వాల్ట్ (అణుయుద్ధం నుంచి తప్పించుకోవడానికి భూమి కింద కట్టుకున్న ఆశ్రయం) జనాన్ని కాపాడి తిరిగొచ్చిన హీరోని దాని పెద్ద, ఓవర్‌సీయర్, లోపలికి రానివ్వడు. నువ్వు మారిపోయావు, నిన్ను చూసి పిల్లలంతా బయటికి పోతామంటారు, వెళ్లిపో అంటాడు. ఆ గేమ్ టోన్ అది. మరుసటి ఏడాదే వచ్చిన రెండో భాగంలో మాట్లాడే డెత్‌క్లా రాక్షసులు, సినిమా జోకులు, అడుగడుగునా వెటకారం. అదే కంపెనీ. మొదటి గేమ్‌కు ప్రాణం పోసిన టిమ్ కెయిన్, లియొనార్డ్ బోయార్‌స్కీ, జేసన్ ఆండర్సన్ రెండోదాని పని మధ్యలోనే బయటికెళ్లి ట్రోయికా గేమ్స్ పెట్టుకున్నారు. మరి "అసలు టోన్" అంటే ఏ ఏడాదిది?

2004లో ఇంటర్‌ప్లేనే కన్సోళ్ల కోసం బ్రదర్‌హుడ్ ఆఫ్ స్టీల్ అనే గేమ్ తెచ్చింది. సిరీస్‌లో మొదట్నుంచీ ఉన్న నూకా-కోలా అనే ఉత్తుత్తి కూల్‌డ్రింక్ తీసేసి బజార్లో అమ్మే ఎనర్జీ డ్రింక్ పెట్టారు. దీంట్లోనూ మెటల్ పాటలే! వారియర్ విథిన్ ఏడాదే, సంబంధంలేని ఇంకో కంపెనీ, అదే వైద్యం. ఆ రోజుల్లో పబ్లిషర్ల నమ్మకం అలా ఉండేది, కుర్రాళ్లకు కోపం అమ్మాలని. టోన్ మీద డెవలపర్ కంటే ఆ ఏటి గాలి చెయ్యే పెద్దదని నాకు అనిపించేది ఇలాంటివి చూసినప్పుడే.

బెథెస్డా 2004లో లైసెన్సు తీసుకుని, 2007లో 57.5 లక్షల డాలర్లకు హక్కులన్నీ కొనేసింది. 2008లో ఫాల్‌అవుట్ 3. యుద్ధం జరిగింది 2077లో, ఈ కథ 2277లో. రెండొందల ఏళ్లు గడిచాయి, వాషింగ్టన్‌లో మాత్రం బాంబు నిన్న పడ్డట్టు ఉంటుంది. ఊరి నడిబొడ్డున పేలని అణుబాంబు, దానికి పూజలు, కావాలంటే మనమే పేల్చొచ్చు. తిరనాళ్లలో తిరుగుతున్నట్టుంటుంది. నాకది నచ్చింది కూడా.

2010లో తర్వాతి ఫాల్‌అవుట్ అయిన న్యూ వేగస్‌ని ఆబ్సిడియన్ అనే స్టూడియో చేసింది, పద్దెనిమిది నెలల్లో, ఫాల్‌అవుట్ 3 ఇంజిన్ మీదే. చాలా వస్తువులు, కదలికలు అక్కడివే. అయినా వేరే దేశం వెళ్లినట్టుంటుంది. ఎందుకంటే ఇక్కడ రాసినవాళ్లు ఒక పల్లెటూరి ప్రశ్న వేసుకున్నారు: ఈ జనం ఏం తింటున్నారు? దానికి జవాబుగా ఊరి బయట కౌలు పొలాలు ఉన్నాయి. ఆ పొలాలకు నీళ్లెవరిస్తారన్న తగాదా ఉంది. డ్యామ్ ఎవరి చేతిలో ఉంటే కరెంటు వాళ్లది. పన్ను కట్టలేక ఎన్‌సీఆర్ అనే అక్కడి ప్రభుత్వాన్ని తిట్టుకునేవాళ్లున్నారు. కృష్ణా నీళ్ల గొడవలు వింటూ పెరిగినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక "పాతవాళ్లు" అన్న మాట. ఆబ్సిడియన్‌ని 2003లో పెట్టింది ఇంటర్‌ప్లేలోని బ్లాక్ ఐల్ విభాగం నుంచి వచ్చినవాళ్లే, నిజం. దర్శకుడు జాష్ సాయర్, అంతకుముందు ఆగిపోయిన వాన్ బ్యూరెన్ అనే ఫాల్‌అవుట్ మీద పనిచేసినవాడు. కానీ మొదటి గేమ్‌కు తలకాయలైన కెయిన్, బోయార్‌స్కీ న్యూ వేగస్‌లో లేరు. కెయిన్ ఆబ్సిడియన్‌లో చేరిందే 2011లో. తిరిగొచ్చింది రెండో తరం.

అపోహ: టోన్ అంటే కథ, డైలాగులు

2012లో సైలెంట్ హిల్ 2 అనే భయపెట్టే గేమ్‌ను కొత్త కన్సోళ్లకు హెచ్‌డీ చేశారు. కథ అదే. కానీ ఆ పని చేసిన చిన్న స్టూడియోకు పూర్తయిన కోడ్ అందలేదు, సిరీస్ సొంతదారు కొనామీ దగ్గర మిగిలింది సగం పని జరుగుతున్నప్పటిది. ఫలితంగా పొగమంచు సరిగ్గా రాలేదు. మంచు పలచబడిన చోట గీసి వదిలేసిన నేల అంచులు బయటపడ్డాయి. భయం పోయి నాటకం తెర వెనక చూసినట్టయింది. 1999 నాటి మొదటి గేమ్‌లో పొగమంచు పెట్టిందే ప్లేస్టేషన్ దూరం గీయలేక. ఇబ్బందిని కప్పడానికి వేసిన దుప్పటి సిరీస్‌కు ప్రాణమైంది.

సైలెంట్ హిల్ 2లో హీరో జేమ్స్ కర్ర తిప్పే తీరు చూడండి, జీవితంలో ఎవరినీ కొట్టని మనిషిలా. 2008లో అమెరికా స్టూడియో డబుల్ హెలిక్స్ చేసిన అదే సిరీస్ గేమ్ హోమ్‌కమింగ్‌లో హీరో అలెక్స్ పక్కకు దొర్లి తప్పించుకుంటాడు, వరసగా దెబ్బలు వేస్తాడు. తప్పించుకోగలిగినవాడు ఎంత భయపడతాడు?

మా దగ్గర జరిగింది ఒకటి. పేరు చెప్పను, ఒక పాత సిరీస్ తర్వాతి భాగం. శిబిరంలో సైనికులు నడవాలి. ముందు భాగంలో వాళ్లు కాళ్లీడ్చుకుంటూ నడుస్తారు, మేమూ అలాగే చేశాం. నిలబడ్డవాడు మొదటి అడుగు వెయ్యడానికి 14 ఫ్రేములు, అంటే దాదాపు అర సెకను. అందరికీ నచ్చింది. రెండు వారాల తర్వాత కబురు: ఆటగాడు నడిపే పాత్రకు కూడా ఇదే కదలిక వాడుతున్నాం, బటన్ నొక్కితే ఆలస్యంగా ఉంది, 6 ఫ్రేములకు తగ్గించండి. తగ్గించాం. అలసిపోయిన సైన్యం ఉత్సాహంగా పెళ్లిపనులకు బయల్దేరినట్టయింది. రచయిత ఒక్క మాట మార్చలేదు. టోన్ మార్చుదామని ఎవరూ అనలేదు కూడా.

అపోహ: టోన్ గంభీరమైతే సిరీస్ ఎదిగినట్టు

2003 నాటి డెవిల్ మే క్రై 2లో హీరో డాంటే పెద్దగా నోరు విప్పడు. జనానికి విసుగొచ్చింది. 2005లో అదే క్యాప్‌కామ్ మూడో భాగంలో వాడి చేతిలో పిజ్జా పెట్టి, నోటినిండా పొగరు పెట్టింది. ఈనాటికీ డాంటే అంటే వాడే. ఇంతకంటే చెప్పేదేం లేదు.

అపోహ: మనవాళ్లకు ఇచ్చారు, అందుకే పాడైంది

2020 సెప్టెంబరులో శాండ్స్ ఆఫ్ టైమ్ రీమేక్ ప్రకటించారు. చేస్తున్నది యుబిసాఫ్ట్ పుణె, ముంబయి స్టూడియోలు. ట్రైలర్లో బొమ్మలు పాతగా ఉన్నాయని నవ్వారు. విడుదల వాయిదాల మీద వాయిదాలు పడి, 2022 మేలో పని మాంట్రియల్‌కు వెళ్లింది. "మనవాళ్లకు చేతకాదు" అని అప్పుడు తిట్టినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే.

లోపల ఏం జరిగిందో బయటివాణ్ని, నేను చెప్పలేను. మా తరహా పని గురించి మాత్రం చెప్పగలను. మాకు చాలాసార్లు కథ రాదు. కొన్ని బొమ్మలు, ఒక వీడియో, ఒక పట్టిక వస్తాయి. పాత్ర ఎవరో తెలియకుండా దాని నడక చెయ్యాలి. నేను ఈ మధ్య పని ఒప్పుకునే ముందు ఒకటే అడుగుతున్నాను: "ఈ పాత్ర ఎప్పటికీ చెయ్యని పని ఏంటి?" దానికి టకామని జవాబు వస్తే ఆ జట్టుకు తమ టోన్ తెలుసు. వారం తర్వాత మెయిల్‌లో వస్తే, సరే, ఫ్రేములు తగ్గించడానికి సిద్ధంగా ఉంటాం.

అపోహ: ట్రైలర్ చూస్తే టోన్ తెలిసిపోతుంది

ట్రైలర్ చేసేది తరచుగా మార్కెటింగ్ వాళ్లు, గేమ్ చేసినవాళ్లు కాదు. 2023లో ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది లాస్ట్ క్రౌన్ ట్రైలర్ ర్యాప్ పాటతో వచ్చింది. చేసింది యుబిసాఫ్ట్ మాంట్పెలియే స్టూడియో, పక్కనుంచి చూసే ఆట, హీరో ప్రిన్స్ కూడా కాదు, సార్గాన్ అనే యోధుడు. నేను కూడా తిట్టాను, దాచుకోవడమెందుకు. నెట్ సెంటర్లో సీడీ విసిరికొట్టిన కుర్రాడు ఇంకా లోపలే ఉన్నాడు.

2024 జనవరిలో గేమ్ వచ్చింది. పర్షియన్ పురాణాల్లోని కాఫ్ పర్వతం, సీమర్గ్ పక్షి, దారి తప్పిన కాలం. సెట్టింగ్స్‌లో భాషల వరస చూస్తే పర్షియన్ గొంతులు ఉన్నాయి. 1989 నుంచి పర్షియా పేరు పెట్టుకుని తిరిగిన సిరీస్‌లో పాత్రలు పర్షియన్ మాట్లాడటం అదే మొదలు. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు పెట్టుకుని చివరిదాకా అందులోనే ఆడాను.