లెక్క తప్పిన అల్లిక

క్రోషే అల్లిక తెలిసినవాళ్లకి ఇది కొత్త సంగతేమీ కాదు. గుండ్రటి బల్లగుడ్డ అల్లాలంటే ఆరు కుట్లతో మొదలుపెట్టి, వరసకి ఆరేసి చొప్పున పెంచుకుంటూ పోవాలి. 6, 12, 18, 24... అలా పోతేనే గుడ్డ చదునుగా పరుచుకుంటుంది. పెంచడం మరిచిపోతే గిన్నెలా ముడుచుకుంటుంది. మరీ ఎక్కువ పెంచితే అంచు కుచ్చులు పోతుంది. ప్రతి కుట్టులోనూ రెండేసి వేసుకుంటూ వెళ్లారనుకోండి: 6, 12, 24, 48... పదో వరసకి 3,072 కుట్లు. చదును గుడ్డలో అదే పదో వరసకి అరవయ్యే. ఆ మూడువేల పైచిలుకు కుట్లకి చుట్టూ చోటెక్కడుంది? అందుకే అంచంతా పైకీ కిందికీ మెలికలు తిరిగి, చేతిలో మడతల ముద్ద మిగులుతుంది.

ఆ ముద్దని గణితంలో హైపర్‌బాలిక్ తలం అంటారు. 19వ శతాబ్దం మొదటి సగంలో బోయాయ్, లొబచెవ్‌స్కీ అనే ఇద్దరు గణితజ్ఞులు ఎవరికి వారుగా ఈ జ్యామితిని కట్టారు. దాన్ని చేతికి దొరికే వస్తువుగా చేయడం మాత్రం అంత తేలిగ్గా కుదరలేదు. కాగితపు ముక్కలు అతికించి చేసిన నమూనాలు ఇట్టే చినిగిపోయేవి. 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న లాత్వియా గణితజ్ఞురాలు డైనా తైమిన్య దాన్ని క్రోషేతో అల్లారు. నలిపినా, మడిచినా, పిల్లల చేతికిచ్చినా పాడవదు.

దీన్ని సముద్రంలోకి దించింది ఆస్ట్రేలియాలో పుట్టి లాస్ ఏంజెలిస్‌లో స్థిరపడ్డ కవల అక్కచెల్లెళ్లు. మార్గరెట్ వర్థైమ్ విజ్ఞాన రచయిత్రి, క్రిస్టీన్ వర్థైమ్ కళాకారిణి, కవయిత్రి. 2005లో ఇద్దరూ ఊలుతో పగడపు దిబ్బ అల్లడం మొదలుపెట్టారు. సూత్రాన్ని తూచా తప్పకుండా పాటించినంతకాలం అల్లికలు చూడముచ్చటగా ఉన్నాయి గానీ అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. ఒకచోట అయిదు కుట్లకొకటి, మరోచోట మూడింటికొకటి, ఇంకోచోట ఎలా తోస్తే అలా పెంచడం మొదలుపెట్టాక వాటిలో జీవకళ వచ్చింది. ఒకటి పుట్టగొడుగులా విచ్చుకుంది, మరొకటి సముద్రపు నాచులా అలలు పోయింది. నియమం ఒకటే. దాన్ని ఎక్కడ, ఎంత సడలించామన్నదే తేడా. జీవపరిణామం గురించి పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి ఉపకరణం నేను చూడలేదు.

ప్రాణులకి ఈ కుచ్చులతో పనేమిటంటే, ఒకచోట అంటుకుని కదలకుండా బతికే జీవికి తిండి కావాలన్నా, వెలుగు కావాలన్నా, ఆక్సిజన్ కావాలన్నా ఒంటి ఉపరితలమే దిక్కు. కొద్ది చోటులో ఎక్కువ ఉపరితలం ఇరికించాలంటే మడతలు పడక తప్పదు. ఆ మడతల కోసం జీవి ప్రత్యేకంగా నక్షా గీసుకోనక్కర్లేదు. మధ్యభాగం కంటే అంచు కాస్త ఎక్కువ పెరిగితే చాలు. స్నాప్‌డ్రాగన్ అనే పూలమొక్కలో ఒకే ఒక్క జన్యువు చెడితే ఆకు అంచు పెరగడం సకాలంలో ఆగదు. చదునుగా ఉండాల్సిన ఆకు ముడతలు పడిపోతుంది. 2003లో ప్రచురితమైన పరిశోధన ఇది. అల్లేవాళ్లు దాన్ని చదవకపోయినా, అందులోని విషయం వాళ్ల వేళ్లకి తెలుసు.

ఇక్కడ శాస్త్రవేత్త పక్కన ఉండి తీరాలి. ఎందుకంటే ఊలు అబద్ధం కూడా చెబుతుంది. పగడాలన్నీ కుచ్చులవి కావు, కొమ్మల్లా పెరిగేవీ బండల్లా పెరిగేవీ ఉన్నాయి. పగడం మొక్కా కాదు, రాయీ కాదు. పాలిప్ అనే చిన్న జంతువులు కాపురముండి, కాల్షియం కార్బొనేట్‌తో కట్టుకునే బస్తీ అది. వాటి ఒంట్లోనే కంటికి కనిపించని శైవలాలు (ఆల్గే, నాచులాంటి జీవులు) ఉంటాయి. రంగులో చాలా భాగం వాటిదే, తిండిలో సింహభాగం కూడా అవి పెట్టేదే. నీళ్లు మామూలు వేసవి వేడిని ఒక్క డిగ్రీ సెల్సియస్ దాటి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ శైవలాలని బయటికి తోసేస్తుంది. మిగిలిన కండ పారదర్శకం కాబట్టి లోపలి తెల్లటి అస్థిపంజరం బయటపడుతుంది. తెల్లబడింది అంటే చచ్చిపోయిందని కాదు, పస్తులుంటోందని. నీళ్లు త్వరగా చల్లబడితే మళ్లీ కోలుకోవచ్చు. వర్థైమ్ సోదరీమణులు ఊలు దిబ్బల్లో పూర్తిగా తెల్లనిదాన్ని కూడా పెట్టారు. దాని ముందు నిలబడినవాళ్లకి ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్లు లేకపోతే, అది అందమైన తెల్ల అల్లికగానే మిగిలిపోతుంది.

ఆ సోదరీమణుల పిలుపు అందుకుని ఎన్నో నగరాల్లో జనం తమ తమ దిబ్బలు అల్లుకున్నారు. 2022లో జర్మనీలోని బాడెన్-బాడెన్‌లో ప్రదర్శించిన దిబ్బ కోసం సుమారు నాలుగువేల మంది అల్లారు.

ఊలు దిబ్బలో కళ, శాస్త్రం చేయి చేయి కలిపి నడిచాయి. అలా కాక, కళాకారుణ్ణి చివర్లో పిలిచి, అయిపోయిన పరిశోధనకి రంగులద్దమనే పద్ధతీ ఉంది. దానివల్ల పోస్టర్లు బాగుంటాయి, అంతకుమించి ఏమీ రాదు. ఒక్కోసారి తప్పుడు బొమ్మ మనసులో నాటుకుంటుంది కూడా. 2020లో లోకమంతా చూసిన కరోనా వైరస్ బొమ్మలో ముళ్లు ఎర్రగా ఉంటాయి. అసలు వైరస్ వ్యాసం దాదాపు వంద నానోమీటర్లు. మన కంటికి కనిపించే కాంతి తరంగాలే 400 నానోమీటర్ల దగ్గర మొదలవుతాయి. అంత చిన్నదానికి మనం అనుకునే అర్థంలో రంగే లేదు. ఆ ఎరుపు చిత్రకారుల ఎంపిక.

రంగు తానే పుట్టుకొచ్చే కళ ఇంకొకటుంది. పెట్రి డిష్ అనే మూతపళ్లెంలో అగర్ అనే జెల్లీ పోసి, దాని మీద బాక్టీరియాతో బొమ్మ గీయడం. గీసేటప్పుడు ఏమీ కనబడదు, తడిసిన గీతే. ఒకటి రెండు రోజులకి మైక్రోకాకస్ లూటియస్ పసుపుగా, క్రోమోబాక్టీరియం వయొలేసియం ఊదాగా పైకి తేలతాయి. సెరాషియా మార్సెసెన్స్ గది వేడిలో ఎర్రగా పెరుగుతుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర పెంచితే దానికి ఆ ఎరుపే రాదు. జన్యువులు అవే, పరిసరం మారితే రూపం మారుతుందని ఇంత సూటిగా ఏ పుస్తకమూ చెప్పదు. అయితే అందరి చేతికీ ఏ బాక్టీరియా పడితే అది ఇవ్వకూడదు. హానిచేయని రకాలే ఇవ్వాలి, పెరిగాక డిష్ మూత తీయకూడదు. అమెరికన్ సొసైటీ ఫర్ మైక్రోబయాలజీ 2015లో ఈ కళకి పోటీలు మొదలుపెట్టింది. మొదటి ఏడాది బహుమతి, నాడీకణాల బొమ్మ గీసిన ఒక శాస్త్రవేత్త, ఒక చిత్రకారిణి జోడీకి దక్కింది.

బాక్టీరియాని చంపే పెనిసిలిన్‌ని బూజులో కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కూడా ఇలా బొమ్మలు వేసేవాడు. ఏ బాక్టీరియా ఎంతసేపటికి రంగు తేలుతుందో లెక్కకట్టి, ఒక్కోదాన్ని ఒక్కో వేళకి అద్దేవాడట. ఆ అలవాటే 1928లో పెనిసిలిన్ దగ్గరికి తీసుకెళ్లిందంటే నేను ఒప్పుకోను, అంత తీరైన కథలు నిజజీవితంలో అరుదు. కానీ అగర్ బొమ్మలు వేసేవాళ్లకి ఒకటి తప్పకుండా ఎదురవుతుంది. మూడో రోజు చూస్తే, ఎవరూ గీయని చోట నీలిపచ్చ బూజు చుక్క. బొమ్మ పాడైందని డిష్ పక్కన పెట్టేసే ముందు, మూత మీంచే ఒకసారి పరకాయించి చూడాలి. ఆ చుక్క దగ్గరికొచ్చేసరికి పసుపు గీత తెగిపోయి, చుట్టూ ఖాళీ ఏమన్నా ఉందా అని.