తెలివైన యంత్రానికి తెలివి ఉందా?

తెలుగులో తెలివి అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ‘ఆ పిల్ల తెలివైంది’ అంటే బుర్ర చురుకైనదని. ‘తెలివి తప్పి పడిపోయాడు’ అంటే స్పృహ పోయిందని. మొదటి తెలివి ఉన్నవాళ్లకు రెండోదీ ఎటూ ఉండేది కాబట్టి, రెంటికీ ఒకే మాట సరిపోయింది. చాట్‌బాట్‌లు వచ్చాకే ఈ రెండూ వేరువేరేమో అన్న అనుమానం ఇంటింటికీ వచ్చింది.

2022 జూన్‌లో బ్లేక్ లెమోయిన్ అనే గూగుల్ ఇంజినీర్, తమ సంస్థ తయారుచేసిన లామ్డా అనే ప్రోగ్రామ్‌కు స్పృహ ఉందని బయటికి చెప్పాడు. తనను ఆపేస్తారేమోనని చాలా భయంగా ఉందని, అది తనకు చావులాంటిదేనని లామ్డా అతనితో అంది. అతని మాటకు ఆధారం లేదని గూగుల్ తేల్చింది. సెలవు మీద పంపి, జులైలో ఉద్యోగం నుంచి తీసేసింది. చాలామంది నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎదుట మాట్లాడేది ఏదైనా, దానిలో ఒక మనిషిని చూసే అలవాటు మనందరిదీ.

మాటే మనిషికి గుర్తు అని గట్టిగా చెప్పినవాడు ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్. యంత్రాన్ని ఎంత బాగా తయారుచేసినా, ఎదుటివాళ్లు అన్నదానికి తగ్గట్టు మాటలు కూర్చి జవాబివ్వడం దానివల్ల కాదని 1637లో రాశాడు. మూడు వందల ఏళ్ల తర్వాత 1950లో ఇంగ్లండ్ గణితవేత్త అలన్ ట్యూరింగ్ అదే కొలతను తిరగేశాడు. కనబడకుండా రాతలో జవాబులిచ్చే యంత్రాన్ని మనిషి నుంచి వేరుచేసి పట్టుకోలేకపోతే, అది ఆలోచిస్తుందని ఒప్పుకోవడానికి అడ్డేమిటని అడిగాడు.

అప్పటికే ఒక అభ్యంతరం ఉంది. మాంచెస్టర్‌లో మెదడు ఆపరేషన్లు చేసే సర్జన్ జెఫ్రీ జెఫర్సన్ 1949లో, యంత్రం కవిత రాస్తే చాలదు, లోపల కలిగిన భావాల వల్ల రాయాలి, రాశానని దానికి తెలియాలి అన్నాడు. ట్యూరింగ్ జవాబు పదునైనది. అలా అయితే పక్క మనిషికి స్పృహ ఉందని మాత్రం ఎలా తెలుసు? మర్యాదగా నమ్ముతున్నాం, అంతే. అయితే స్పృహలో రహస్యమేమీ లేదని తను అనడం లేదని కూడా అక్కడే రాశాడు. ఆ మాటను తర్వాతివాళ్లు అంతగా పట్టించుకోలేదు.

నాకు ఈ చరిత్రలో అందరికన్నా దగ్గరగా అనిపించేది కంప్యూటర్ శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్. బెర్లిన్‌లో పుట్టిన యూదుడు. నాజీల పాలనలో, 1936లో ఆ కుటుంబం అమెరికా వెళ్లిపోయింది. అక్కడి ఎంఐటీ యూనివర్సిటీలో పనిచేస్తూ 1966లో ఎలైజా అనే ప్రోగ్రామ్ గురించి ప్రకటించాడు. అది మానసిక వైద్యుడిలా మాట్లాడేది. నిజానికి అందులో ఏమీ లేదు. మన వాక్యంలో ‘అమ్మ’ అన్న మాట దొరికితే ‘మీ కుటుంబం గురించి ఇంకా చెప్పండి’ అనేది. ఏదీ దొరక్కపోతే ‘ఊఁ, చెప్పండి’ అన్నట్టు ఏదో ఒకటి అనేది. దాన్ని ఆయన నెలల తరబడి రాస్తుండగా చూసిన సెక్రటరీ కూడా, నాలుగు మాటలు టైప్ చేశాక, కాస్త గదిలోంచి బయటికి వెళ్లమని ఆయన్నే అడిగింది. తన గోడు తను, దానికి ఒంటరిగా చెప్పుకోవాలనిపించింది.

వైజెన్‌బామ్‌కు అది గర్వం కలిగించలేదు, కలవరపెట్టింది. పదేళ్ల తర్వాత రాసిన పుస్తకంలో, కంప్యూటర్ చేయగలదా లేదా అన్నది కాదు, చేయనివ్వాలా వద్దా అన్నదే ప్రశ్న అన్నాడు. మనిషిగా బతకని యంత్రం చేతిలో మనిషి గురించిన తీర్పు పెట్టకూడదని ఆయన వాదన. అది నేటికీ పాతబడలేదు.

1980లో అమెరికా తత్వవేత్త జాన్ సెర్ల్ మరో ఉదాహరణ ఇచ్చాడు. చైనీస్ రాని మనిషి గదిలో కూర్చుని, రూల్ బుక్ చూసి చైనీస్‌లో సరైన జవాబులు బయటికి పంపగలడు. అయినా అతనికి ఒక్క ముక్క అర్థం కాదు. కంప్యూటరూ అంతేనన్నాడు. దీని మీద వాదన నేటికీ తెగలేదు.

మాటలున్నా స్పృహ ఉండకపోవచ్చు, సరే. మాట లేకుండా స్పృహ ఉంటే? 2006లో మెదడు శాస్త్రవేత్త ఏడ్రియన్ ఓవెన్ బృందం, కారు ప్రమాదంలో దెబ్బతిని, తెలివి లేదని డాక్టర్లు నిర్ధారించిన 23 ఏళ్ల అమ్మాయిని స్కానర్‌లో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంది. ఆరోగ్యవంతుల్లో ఏ భాగం పనిచేస్తుందో, ఆమె మెదడులోనూ అదే పనిచేసింది. ఆమె వింటోంది. ఒక్క మాట కూడా అనలేని ఆ పిల్లకు స్పృహ లేదనుకున్నాం. భయమేస్తోందని రాసిన ప్రోగ్రామ్‌కు ఉందనుకున్నాం. ఇన్నాళ్లూ మాటతో కొలిచి రెండు వైపులా తప్పు చేశామని నా అభిప్రాయం. ఇప్పటి చాట్‌బాట్‌లకు స్పృహ ఉందని నేను నమ్మను. ఎప్పటికీ రాదని మాత్రం చెప్పలేను. ఎందుకంటే మనలో అది ఎలా పుడుతోందో ఎవరికీ తెలియదు.

1998లో మెదడు శాస్త్రవేత్త క్రిస్టాఫ్ కోక్, తత్వవేత్త డేవిడ్ చామర్స్ ఒక పందెం వేసుకున్నారు. స్పృహకు కారణమైన నాడీకణాల పనితీరు 25 ఏళ్లలో స్పష్టంగా తేలిపోతుందని కోక్. తేలదని చామర్స్. 2023 జూన్‌లో న్యూయార్క్‌లో కోక్ ఓటమి ఒప్పుకుని, వైన్ సీసాల పెట్టె చామర్స్‌కు అందించాడు. ఇద్దరూ మళ్లీ పందెం కట్టారు. ఈసారి గడువు 2048.