లండన్‌లో ఎన్‌బీఏ జట్టు ఎందుకు లేదు? అపోహలు - వాస్తవాలు

అమెరికా, కెనడా జట్లు ఆడే బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో విస్తరణ, అంటే కొత్త జట్లను చేర్చుకోవడం అన్న మాట వచ్చినప్పుడల్లా లండన్, పారిస్ పేర్లు బయటికొస్తాయి. నాలుగు రోజులు హడావుడి నడుస్తుంది, తర్వాత సద్దుమణుగుతుంది. అభిమానులు దీన్ని డబ్బు సమస్య అనుకుంటారు, లేదంటే విమానాల సమస్య అనుకుంటారు. షెడ్యూల్ వేసేవాళ్లకు మాత్రం ఇది క్యాలెండర్ సమస్య. చాలా అపోహలు ఈ తేడా తెలియక పుట్టినవే.

అపోహ: అడ్డంకి దూరమే. వేగంగా వెళ్లే విమానాలు వస్తే తీరిపోతుంది.

కాంకార్డ్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు మూడున్నర గంటల్లో చేరేది. 2003లో ఆగిపోయింది. అది ఇప్పటికీ ఎగురుతున్నా రెండు నగరాల గడియారాల మధ్య ఉన్న ఐదు గంటల తేడా మాత్రం తగ్గదు. శరీరం అలవాటు పడటానికి గంట తేడాకు ఒక రోజు చొప్పున పడుతుందని మోటు లెక్క. పైగా పడమరకు వెళ్లడం కంటే తూర్పుకు రావడం కష్టం. అంటే లండన్ జట్టు అమెరికా వెళ్లేటప్పుడు కాస్త తేలిగ్గానే సర్దుకుంటుంది, ఇంటికి తిరిగొచ్చాకే నలిగిపోతుంది. సొంత మైదానంలో ఆడితే లాభం అంటారు కదా, లాస్ ఏంజెలెస్ నుంచి ఎనిమిది గంటల తేడాతో దిగిన జట్టుకు మొదటి రెండు మ్యాచ్‌లలో అది వర్తించదు.

ఇక లెక్కలోకి వద్దాం. రెగ్యులర్ సీజన్, అంటే లీగ్ దశ, 82 మ్యాచ్‌లు, సుమారు 175 రోజులు. అంటే సగటున 2.1 రోజులకో మ్యాచ్. ఇందులో 41 బయట ఆడాలి. సముద్రం అవతల ఒకే ఒక్క జట్టు ఉంటే ఈ 41 మొత్తం అమెరికా, కెనడాల్లోనే. ఒక్కో పర్యటనలో ఆరేసి మ్యాచ్‌లు కట్టినా ఏడు పర్యటనలు అవుతాయి. ఆరు మ్యాచ్‌లకు 12-13 రోజులు, వెళ్లగానే ఒక రోజు, తిరిగొచ్చాక రెండు రోజులు ఖాళీ. మొత్తం 15-16 రోజులు. ఏడు పర్యటనలకు 105 నుంచి 112 రోజులు పోతాయి. మిగిలిన 63-70 రోజుల్లో ఇంటి దగ్గర 41 మ్యాచ్‌లు ఆడాలి, అంటే ఇంచుమించు 1.6 రోజులకొకటి. ఈ మధ్య సీజన్లలో ఒక్కో జట్టుకు వరుస రాత్రుల మ్యాచ్‌ల జతలు దాదాపు 15 ఉంటున్నాయి. వీటిని తగ్గించడానికే 2017లో సీజన్‌ను వారం ముందే మొదలుపెట్టారు. లండన్ జట్టు ఆ కసరత్తునంతా తిరగదోడుతుంది. సీజన్ మధ్యలో వచ్చే ఆల్ స్టార్ విరామాన్ని పై లెక్కలో కలపనే లేదు.

అపోహ: ఒక్క జట్టైతే కష్టమే, నాలుగింటిని కలిపి యూరప్ డివిజన్ పెడితే సరి.

కొంత నిజం ఉంది, అనుకున్నంత లేదు. నాలుగు జట్లు తమలో తాము నాలుగేసి సార్లు ఆడితే ఒక్కోదానికి 12 మ్యాచ్‌లు, అందులో 6 బయటివి. అవి రెండు గంటల విమాన ప్రయాణంలో తేలిపోతాయి. అయినా 35 మ్యాచ్‌లకు సముద్రం దాటక తప్పదు, అంటే ఆరు పర్యటనలు, 90 రోజుల పైమాటే. మిగిలిన 80 చిల్లర రోజుల్లో ఇంటి దగ్గర 41, యూరప్‌లోనే బయట 6, మొత్తం 47 మ్యాచ్‌లు ఆడాలి.

చాలామంది వదిలేసే సగం ఇంకొకటుంది. నాలుగు యూరప్ జట్లూ ఇంటి దగ్గర 35 చొప్పున, మొత్తం 140 మ్యాచ్‌లలో అమెరికా, కెనడా జట్లకు ఆతిథ్యమివ్వాలి. దాన్ని ఇప్పుడున్న 30 జట్లకు పంచితే ఒక్కోదానికి నాలుగైదు. అంటే ప్రతి జట్టూ ఏటా పది రోజులకు పైగా యూరప్‌లో గడపాలి, తిరిగొచ్చాక రెండు రోజులు ఊరకే ఉండాలి. ఆ రోజులు దొరకాలంటే సీజన్ పొడిగించాలి, లేదా 82ను తగ్గించాలి. తగ్గించిన ప్రతి మ్యాచ్‌తో టికెట్ల సొమ్ము పోతుంది, టీవీకి ఇస్తామన్న మ్యాచ్‌ల లెక్కా మారుతుంది.

టైటిల్ తేల్చే నాకౌట్ దశ ప్లేఆఫ్స్ సంగతి సరేసరి. 2014 నుంచి ఫైనల్స్ కూడా 2-2-1-1-1 పద్ధతిలోనే జరుగుతున్నాయి: మొదటి రెండు ఒకరింట్లో, తర్వాతి రెండు ఇంకొకరింట్లో, ఆ తర్వాత ఒక్కోటి మార్చి మార్చి. ఏడు మ్యాచ్‌ల దాకా వెళ్తే సిరీస్ మధ్యలో నాలుగు సార్లు వేదిక మారుతుంది. వేదిక మారిన ప్రతిసారీ ఇద్దరూ సముద్రం దాటాల్సిందే.

అపోహ: టొరంటోలో కుదిరింది, లండన్‌లోనూ కుదురుతుంది.

టొరంటో విదేశమే కానీ న్యూయార్క్‌తో దానికి గడియారంలో నిమిషం తేడా లేదు. కెనడా అనుభవం నుంచి నేర్చుకోవాల్సింది టొరంటో దగ్గర కాదు, వాంకూవర్ దగ్గర. రెండు జట్లూ 1995లోనే వచ్చాయి, వాంకూవర్ గ్రిజ్లీస్ 2001లో మెంఫిస్‌కు తరలిపోయింది. జట్టు వరుసగా ఓడిపోవడం ఒక కారణం. రెండోది మారకపు రేటు. టికెట్ల ఆదాయం కెనడా డాలర్లలో, ఆటగాళ్ల జీతాలు అమెరికా డాలర్లలో. ఉదాహరణకు జీతాల బిల్లు 4 కోట్ల అమెరికా డాలర్లు అనుకోండి. కెనడా డాలర్ 73 సెంట్లు ఉంటే ఆ బిల్లు 5.48 కోట్ల కెనడా డాలర్లు. 65 సెంట్లకు పడితే 6.15 కోట్లు. ఒక్క ఆటగాణ్ని కొత్తగా తీసుకోకుండానే 67 లక్షలు అదనం. పౌండ్, యూరో ఆదాయంతో నడిచే జట్టు ముందుగా రేటు ఖాయం చేసుకునే ఒప్పందాలు మొదటి రోజు నుంచే పెట్టుకోవాలి.

సరిహద్దు మూసుకుపోతే ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న. కోవిడ్ ఆంక్షల వల్ల టొరంటో రాప్టర్స్ 2020-21 సీజన్ సొంత మ్యాచ్‌లను ఫ్లోరిడాలోని టాంపాలో ఆడింది. గెలుపు ఓటములు 27-45. రెండో సొంత వేదిక పేరు ముందే రాసిపెట్టుకోని విదేశీ జట్టు ప్రణాళిక అసంపూర్ణమనే మా అభిప్రాయం.

సముద్రం దాటిన లీగ్ అసలు లేదా అంటే ఉంది. ఆస్ట్రేలియా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఎల్‌లో న్యూజిలాండ్ బ్రేకర్స్ 2003 నుంచి ఆడుతోంది, నాలుగు టైటిళ్లు గెలిచింది. ఆక్లండ్ నుంచి సిడ్నీకి మూడు, మూడున్నర గంటలు. అదే లీగ్‌లో 2006లో చేరిన సింగపూర్ స్లింగర్స్ రెండు సీజన్లకే 2008లో తప్పుకుంది. సింగపూర్‌కూ పెర్త్‌కూ గడియారం ఒకటే, కానీ మిగతా జట్లలో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా ఆ చివర ఉన్నాయి. ప్రయాణ ఖర్చు తడిసి మోపెడైంది.

అపోహ: పారిస్‌లో టికెట్లు క్షణాల్లో అయిపోయాయి, కాబట్టి గిరాకీ రుజువైనట్టే.

ఇల్లు అలకగానే పండగ కాదు. ఏడాదికి ఒకటో రెండో మ్యాచ్‌లు వేడుక, 41 మ్యాచ్‌లు వ్యాపారం. మంగళవారం రాత్రి, అడుగున ఉన్న రెండు జట్ల మ్యాచ్‌కు ఎంతమంది వస్తారన్నదే కొలత. ఎన్‌బీఏ 1990లో టోక్యోలో, 2011లో లండన్‌లో, 2020 నుంచి పారిస్‌లో రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లు ఆడించింది. అక్కడికి లీగ్ తన ఏర్పాట్లన్నీ మోసుకెళ్తుంది, వేదికను కొద్ది రోజులకే తీసుకుంటుంది.

శాశ్వత జట్టుకు కావాల్సింది తేదీలు. లండన్ ఓ2 ఎరీనా లాంటివి కచేరీలతో బతికే హాళ్లు. అక్కడ 41 రాత్రులతో పాటు, ఆడతామో లేదో తెలియని ప్లేఆఫ్ తేదీలను ఏప్రిల్ నుంచి జూన్ దాకా పట్టి ఉంచమనాలి. హాలు వేరేవాళ్లదైతే లగ్జరీ బాక్సులు, పేరు హక్కులు, తినుబండారాల ఆదాయంలో జట్టు వాటా ఎంతన్నది ఇంకో బేరం.

ఒక్క రాత్రి మ్యాచ్‌కైనా వేదిక సాంకేతికంగా ఎంత గట్టిగా ఉండాలో మెక్సికో సిటీ చూపించింది. 2013 డిసెంబర్‌లో స్పర్స్, టింబర్‌వుల్వ్స్ మ్యాచ్ మొదలయ్యే ముందు జనరేటర్ చెడిపోయి హాలంతా పొగ కమ్మింది. ప్రేక్షకులను బయటికి పంపి, ఆ మ్యాచ్‌ను తర్వాత మినియాపొలిస్‌లో ఆడించారు.

టీవీ లెక్క వేరే. లండన్‌లో రాత్రి 7.30 అంటే న్యూయార్క్‌లో మధ్యాహ్నం 2.30, లాస్ ఏంజెలెస్‌లో ఉదయం 11.30. పనిరోజున ఆ వేళకు, ఆడటానికి వచ్చిన అమెరికా జట్టు సొంత ఊళ్లో చూసేదెవరు? ఆదివారం మ్యాచ్ మాత్రం బంగారం. సీజన్‌లో ఆదివారాలు పాతికే.

అపోహ: జీతాల పరిమితి అందరికీ ఒకటే కాబట్టి పోటీ సమానం.

పరిమితి చూసేది పన్నుకు ముందు జీతాన్ని, ఆటగాడు చూసేది చేతికొచ్చేదాన్ని. బ్రిటన్‌లో గరిష్ఠ ఆదాయపు పన్ను 45 శాతం. ఫ్లోరిడా, టెక్సస్‌లలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఫెడరల్ గరిష్ఠం 37. కోటి డాలర్ల జీతం మీద మోటుగా 8 లక్షల తేడా. కాలిఫోర్నియా జట్లకు ఈ ఇబ్బంది ఇప్పటికే ఉంది కానీ, అక్కడ ఆడటానికి అమెరికా ఆటగాళ్లకు వీసా అక్కర్లేదు.

వీసా దగ్గర చిన్న ఒప్పందాలు చిక్కుకుంటాయి. ఎవరైనా గాయపడితే జట్లు పది రోజుల ఒప్పందం మీద ఒకరిని తెచ్చుకుంటాయి: పది రోజులు లేదా మూడు మ్యాచ్‌లు, ఏది ఎక్కువైతే అది. పని అనుమతి వచ్చేలోగా ఆ ఒప్పందమే ముగిసిపోతే ఏం లాభం? కుర్రాళ్లను తీర్చిదిద్దే ఎన్‌బీఏ దిగువ లీగ్ అయిన జీ లీగ్‌లోని అనుబంధ జట్టు కూడా దగ్గర్లో ఉండాలి, లేకపోతే ఉదయం పిలిచిన కుర్రాడు సాయంత్రానికి కోర్టులో దిగలేడు.

కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ సంగతి ఇంకా లోతైనది. కుర్రాడు ఏ జట్టుకు ఆడాలో లీగ్ తేల్చడం, జీతాలకు పరిమితి పెట్టడం అమెరికాలో చెల్లుతున్నాయంటే కారణం అవి ఆటగాళ్ల సంఘంతో కుదిరిన ఒప్పందంలో భాగం కావడమే. యూరోపియన్ యూనియన్‌లో ఆ రక్షణ దానంతటదే రాదు. కార్మికుల స్వేచ్ఛా సంచారం క్రీడాకారులకూ వర్తిస్తుందని యూరప్ న్యాయస్థానం ఇచ్చిన 1995 బోస్మన్ తీర్పు స్పష్టం చేసింది. లండన్ ఇప్పుడు ఈయూలో లేదు కాబట్టి, పారిస్, లండన్ జట్లకు రెండు వేర్వేరు చట్టాలు.

అపోహ: కొత్త జట్టు వస్తే పాత యజమానులందరికీ లాభమే.

ప్రవేశ రుసుము ఒకసారే వస్తుంది, టీవీ వాటా మాత్రం ఏటా పలచబడుతుంది. 2025-26తో మొదలైన టీవీ ఒప్పందాలు 11 ఏళ్లకు 7,600 కోట్ల డాలర్లు, అంటే ఏటా సగటున 690 కోట్లు. ఆటగాళ్ల వాటాను లెక్కలోకి తీసుకోకుండా 30తో భాగిస్తే 23 కోట్లు, రెండు కొత్త జట్లు చేరి 32తో భాగిస్తే 21.6 కోట్లు. ఒక్కో యజమానికి ఏటా కోటీ 40 లక్షల డాలర్ల పైగా తగ్గుతుంది. కొత్త జట్టు తెచ్చే మార్కెట్ ఆ లోటును పూడ్చాలి. ఈ ప్రవేశ రుసుమును ఆటగాళ్లతో పంచుకోనక్కర్లేదు కాబట్టే యజమానులకు దానిమీద అంత మోజు.

అపోహ: ఎన్‌బీఏ యూరప్ అంటే లాస్ ఏంజెలెస్ లేకర్స్ వచ్చి రియల్ మాడ్రిడ్‌తో లీగ్ మ్యాచ్ ఆడటం.

కాదు. 2025 మార్చిలో ఎన్‌బీఏ, అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా కలిసి పరిశీలిస్తున్నామని చెప్పింది యూరప్‌లోనే నడిచే వేరే లీగ్. దాదాపు 16 జట్లు, 12 శాశ్వత స్థానాలు, మిగతావి ప్రతిభతో సంపాదించుకునేవి. ఆట 48 నిమిషాలు కాదు, 40. ఆఫ్రికాలో 2021లో ఫిబాతో కలిసి మొదలుపెట్టిన బాస్కెట్‌బాల్ ఆఫ్రికా లీగ్‌దీ ఇదే దారి. జట్టును సముద్రం దాటించే బదులు లీగ్‌నే అక్కడ నాటడం. పైన చెప్పిన ప్రయాణం, నిద్ర, ప్లేఆఫ్ చిక్కుల్లో చాలా భాగం దీంతో తొలగిపోతాయి.

క్యాలెండర్ చిక్కు మాత్రం రూపం మార్చుకుని మళ్లీ ఎదురవుతుంది. యూరప్ దేశాల మేటి క్లబ్‌లు ఇప్పటికే ఆడుతున్న యూరోలీగ్‌లోని స్పెయిన్ క్లబ్‌కు 20 జట్ల పద్ధతిలో 38 మ్యాచ్‌లు, స్వదేశీ ఏసీబీ లీగ్‌లో 34, మొత్తం 72. కప్పులు, ప్లేఆఫ్స్ అదనం. నవంబర్, ఫిబ్రవరిల్లో జాతీయ జట్ల మ్యాచ్‌ల కోసం ఫిబా కేటాయించిన రోజులు (విండోలు). కొత్త లీగ్‌కు ఆడాలనుకునే క్లబ్ యూరోలీగ్‌ను వదిలినా ఏసీబీని వదలదు, వదిలితే సొంత అభిమానులు ఊరుకోరు.