కీమో సూది నర్సు చేతికి ఎలా వచ్చింది

క్యాన్సర్ వార్డులో పనిచేయాలనుకునే నర్సింగ్ విద్యార్థులకు మొదట్లోనే కొన్ని సందేహాలు వస్తాయి. నర్సింగ్ ఎలాగూ చదివాం కదా, మళ్లీ ప్రత్యేక శిక్షణ దేనికి? చేరిన వెంటనే కీమో (క్యాన్సర్ కణాలను చంపే మందులు) ఎందుకు ఇవ్వనివ్వరు? ఒక్క మందు ఎక్కించడానికి ఇద్దరు సరిచూసి సంతకాలు పెట్టడం ఎందుకు? వీటిలో చాలా నిబంధనల వెనక ఎవరో ఒకరు పడిన బాధ ఉంది. కొన్నిసార్లు ఆ బాధ పడింది రోగి, కొన్నిసార్లు నర్సే.

క్యాన్సర్‌కంటూ విడిగా ఆసుపత్రులు 19వ శతాబ్దంలో మొదలయ్యాయి. భార్యను క్యాన్సర్‌తో పోగొట్టుకున్న డాక్టర్ విలియం మార్స్‌డెన్ 1851లో లండన్‌లో స్థాపించిన ఆసుపత్రి వాటిలో పేరున్నది. అప్పటికి ఉన్న వైద్యం కత్తి ఒక్కటే. గడ్డ తీయగలిగితే తీసేవారు, లేకపోతే లేదు. పుండు కడగడం, కట్టు మార్చడం, దుర్వాసన తగ్గించడం, నొప్పి మందు ఇవ్వడం, చివరిదాకా పక్కన ఉండటం నర్సుల పని. ఆ తర్వాత రేడియేషన్ వెదజల్లే రేడియం వచ్చింది. రేడియం సూదులు అమర్చిన రోగుల దగ్గర గంటల తరబడి మెలిగిందీ వారే.

అసలు మలుపు 1940లలో వచ్చింది. నైట్రోజన్ మస్టర్డ్ అనే రసాయనాన్ని రక్త క్యాన్సర్లపై ప్రయోగించారు. 1948లో అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ బృందం అమినోప్టెరిన్ అనే మందుతో లుకేమియా (ఒక రక్త క్యాన్సర్) ఉన్న కొందరు పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని ప్రకటించింది. అప్పటి నుంచి మందులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వాటితో పాటే వాంతులు, నోటిపూత, రక్తకణాలు పడిపోవడం, జ్వరాలు వచ్చాయి. వీటిని ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టి ఉండేవారికి మాత్రం క్యాన్సర్ గురించి పాఠం చెప్పినవారు దాదాపు లేరు. 1947లో న్యూయార్క్‌లోని కొలంబియా టీచర్స్ కాలేజీలో క్యాన్సర్ నర్సింగ్ కోర్సు మొదలవడం అందుకే పెద్ద విషయం.

ఆ రోజుల్లో నరానికి సూది గుచ్చి మందు ఎక్కించడం డాక్టర్ల పని. డాక్టరు వచ్చేదాకా రోగి ఎదురుచూడాలి. 1955లో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ ఆసుపత్రిలో నర్సింగ్ విభాగానికి అధిపతిగా వచ్చిన రెనిల్డా హిల్కెమేయర్, తగిన శిక్షణ ఇస్తే ఈ పని నర్సులు చేయగలరని పట్టుబట్టిన వారిలో ముందున్నారు. ఈ వృత్తి చరిత్రలో ఆమె స్థానం చాలా పెద్దదని నా నమ్మకం. సూదితో పాటు బాధ్యత కూడా నర్సు చేతికి వచ్చింది అప్పుడే.

ఆ బాధ్యత ఎంతటిదో డాక్సోరూబిసిన్ అనే కీమో మందు ఇచ్చేటప్పుడు తెలుస్తుంది. ఎర్రటి మందు. నరంలో ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు, బయటికి కారిందంటే చుట్టూ కండ చచ్చి పుండు పడుతుంది. అందుకే నర్సు ముందు సెలైన్ తోసి చూస్తుంది, వెనక్కి లాగితే రక్తం వస్తోందా అని చూస్తుంది. మందు నెమ్మదిగా ఎక్కిస్తూ మధ్యమధ్యలో మళ్లీ అదే పరీక్ష. కళ్లు చేతి మీదే ఉంటాయి. ‘మంటగా ఉందా, బిగుతుగా ఉందా?’ అని అడుగుతూనే ఉంటుంది. అనుమానం వస్తే వెంటనే ఆపాలి. సూది మాత్రం పీకేయకూడదు, ముందు దాని గుండానే లోపలున్న మందును వీలైనంత వెనక్కి లాగాలి. ఆ తర్వాత ఈ మందుకైతే చల్లటి కాపడం, విన్‌క్రిస్టిన్ అనే మరో కీమో మందుకైతే వెచ్చటి కాపడం. రెండూ తారుమారైతే నష్టం పెరుగుతుంది. ఇంటికి పంపేముందు ఇంకో మాట చెప్పాలి: ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు, భయపడొద్దు అని. ఆ ఒక్క మాట మరిచిపోతే ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు.

నర్సుల సొంత ఆరోగ్యం గురించి ఆలోచించడం మాత్రం చాలా ఆలస్యమైంది. ఏళ్ల తరబడి ఈ మందులను వార్డులోని మామూలు బల్ల మీదే కలిపేవారు. 1979లో ఫిన్లాండ్ పరిశోధకులు, ఈ మందులు కలిపి ఇచ్చే నర్సుల మూత్రంలో జన్యువులను మార్చగల పదార్థాల జాడ ఉందని చూపించారు. అప్పటి నుంచి మందు ఆవిరి, తుంపరలు బయటికి రాకుండా గాలిని లాగే ప్రత్యేక క్యాబినెట్లు, మందపాటి గ్లవుజులు, గౌన్లు, ఒలికితే ఏం చేయాలన్న నియమాలు వచ్చాయి. ఆపరేషన్ గదిలోకి రబ్బరు తొడుగులు రావడానికి కారణమైంది కూడా క్రిమిసంహారక ద్రావణాలకు చేతులు పాడైన కరోలిన్ హాంప్టన్ అనే నర్సే. 1890 ప్రాంతంలో ఆమె కోసమే సర్జన్ హాల్‌స్టెడ్ వాటిని చేయించారు.

ఇక ఆ రెండు సంతకాల సంగతి. 1994లో బోస్టన్‌లోని ప్రముఖ క్యాన్సర్ ఆసుపత్రిలో, నాలుగు రోజులకు కలిపి ఇవ్వాల్సిన మొత్తం మోతాదును నాలుగు రోజులూ ప్రతిరోజూ ఇవ్వడంతో ఒక రోగి మరణించారు. మోతాదు, రోగి ఎత్తు, బరువు, రక్తపరీక్షలు ఇద్దరు విడివిడిగా లెక్కగట్టి సరిచూడాలన్న పద్ధతి బలపడటానికి ఆ మరణం ఒక ముఖ్య కారణం. నరంలోకి వెళ్లాల్సిన విన్‌క్రిస్టిన్ పొరపాటున వెన్నులోకి ఎక్కితే దాదాపు ఎప్పుడూ ప్రాణం పోతుంది. అందుకే దాన్ని సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో హెచ్చరించింది.

మందులకు సంబంధం లేని చరిత్ర కూడా ఇందులో ఉంది. 1961లో అమెరికాలో ఒక సర్వేలో దాదాపు 90 శాతం డాక్టర్లు, జబ్బు క్యాన్సరని రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. అంటే ‘సిస్టర్, నాకేమైంది?’ అని అర్ధరాత్రి అడిగే మనిషికి నర్సు ఏదో ఒక అబద్ధం చెప్పాలి. 1979 నాటికి అలాంటి సర్వేలోనే 97 శాతం చెప్పేస్తామన్నారు. నర్సుగా మొదలై, సామాజిక కార్యకర్తగా పనిచేసి, తర్వాత డాక్టరైన సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశ రోగులకు ఉపశమనం ఇచ్చే కేంద్రం) తెరిచారు. నొప్పి ఒంటిది మాత్రమే కాదనీ, మనసుదీ, కుటుంబానిదీ, నమ్మకాలదీ అని ఆమె చెప్పేవారు. నొప్పి మళ్లీ వచ్చేదాకా ఆగకుండా వేళ ప్రకారం మార్ఫిన్ ఇవ్వాలని గట్టిగా వాదించారు.

ఇంత పని పోగుపడ్డాక నర్సులు తమకంటూ సంఘాలు కట్టుకోక తప్పలేదు. అమెరికాలో 1975లో ఆంకాలజీ (క్యాన్సర్ వైద్యం) నర్సింగ్ సొసైటీ ఏర్పడింది, 1984లో క్యాన్సర్ నర్సుల అంతర్జాతీయ సంఘం వచ్చింది. 1986లో అమెరికాలో తొలి సర్టిఫికేషన్ పరీక్ష జరిగింది. ముందు సాధారణ నర్సింగ్, తర్వాత క్యాన్సర్ రోగుల మధ్య అనుభవం, ఆపైన పరీక్ష అనే దారి అలా పడింది.

ఇప్పుడు ఆ పని మళ్లీ మారుతోంది. మాత్రల రూపంలో వచ్చే మందులు పెరిగి, చాలామంది రోగులు ఇంట్లోనే ఉంటున్నారు. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో, రోగులు తమ లక్షణాలను ఎప్పటికప్పుడు కంప్యూటర్‌లో నమోదు చేస్తే, అవి ముదిరినప్పుడు నర్సులకు హెచ్చరిక వెళ్లేది. ఆ రోగులు మధ్యస్థంగా 31 నెలలు బతికితే, మామూలు పద్ధతిలో వైద్యం పొందినవారు 26 నెలలు బతికారు. శరీర రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీలోనైతే దుష్ఫలితం నెలల తర్వాత కూడా బయటపడవచ్చు. ‘రెండు రోజులుగా విరేచనాలు’ అని ఫోన్ వస్తే, అది తిండి తేడానా, పేగువాపా అన్నది తేల్చుకోవాలి. మామూలు రోజుల్లో ఎన్నిసార్లు, ఇప్పుడెన్నిసార్లు, రక్తం పడుతోందా, కడుపునొప్పి ఉందా అని అడిగి, అనుమానం ఉంటే అదే రోజు డాక్టరు దగ్గరికి చేర్చాలి. కీమో తీసుకున్న మనిషికి 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) జ్వరమంటే రేపు చూద్దాం అనడానికి లేదు. సూది పట్టడంతో పాటు ఇలాంటి ఫోన్ సంభాషణ కూడా కొత్తగా చేరేవారు నేర్చుకోవాల్సిన పనే.